ఎడమవైపు తేదీలు

జూన్ 14, శనివారం

పులిగడ్డ అక్విడక్టు మీద సైకిళ్ళు ఆపుకుని, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ లక్ష్మీకాంత్ నాకు మాట ఇచ్చాడు. 1996 ఫిబ్రవరి. "అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి వెంకటప్పయ్యా, ఒకే సైజు అక్షరాల్లో" అన్నాడు. వేరుశనక్కాయల పొట్లం ఎవరు కొన్నారో గుర్తు లేదు. మాట మాత్రం గుర్తుంది.

1998 ఆగస్టులో 'డెల్టా పనిమాటలు' అచ్చయింది. కాలవలు, పడవలు, లాకులు, వరి చేలు, వీటి చుట్టూ బతికినవాళ్ళు వాడే మూడు వేల మాటలు, వాటి అర్థాలు. చల్లపల్లి నుంచి నాగాయలంక దాకా ఏడేళ్ళు సైకిలు తొక్కి ఆ మాటల్ని నోట్‌బుక్కుల్లోకి ఎక్కించినవాణ్ణి నేను. అట్ట మీద ఒక్క పేరే ఉంది. అది నాది కాదు. లోపల నాలుగో పేజీ అడుగున, అట్ట బొమ్మ వేసినవాడి పేరు కింద, "ప్రూఫులు దిద్దిన మిత్రుడు వెంకటప్పయ్యకు కృతజ్ఞతలు" అని ఉంది. ఆ ఒక్క పేజీ ప్రూఫు నాకు పంపలేదు. పుస్తకం మొత్తంలో అచ్చుతప్పు ఉన్నది ఆ పేజీలోనే.

ఇదేమిటని అడిగితే లక్ష్మీకాంత్ అన్న మాట: "నువ్వు మొదలుపెట్టావు, నేను పూర్తి చేశాను." ఇదొక సమాధానమా? మొదలుపెట్టినవాడి పేరు కదా ముందు ఉండాల్సింది.

ఈ నెల ఒకటో తారీకున పోయాడు. కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషిని పేపర్లు 'కాలవ మాటల కాపరి'ని చేశాయి. ఆ వ్యాసం రాసినవాడికి చేలోకి పారే బోదెకీ కాలవకీ తేడా తెలియదు, చదివితేనే తెలుస్తోంది. జూలై 13న మొగల్రాజపురంలో సంతాపసభ, అందులోనే పుస్తకం మూడో ముద్రణ ఆవిష్కరణ. నన్నూ పిలిచారు. వేదిక మీదికి కాదు, కుర్చీల్లోకి.

పదమూడు లోపు నా పని పూర్తి చేస్తాను. నా దగ్గర ఫైళ్ళున్నాయి.

జూన్ 16, సోమవారం

మళ్ళీ లెక్కపెట్టాను. 412.

గవర్నర్‌పేటలో నేను ప్రూఫులు దిద్దిన డీటీపీ సెంటర్లో 1997 జూన్ నుంచి 1998 జూలై దాకా అమలమ్మ కొట్టినవి. నేను నోట్‌బుక్కు పైకి చదువుతుంటే ఆమె కొట్టేది. 2006లో ఆ సెంటరు మూసేస్తుంటే అన్నీ ఒక సీడీలో రాయించుకున్నాను. సీడీలోంచి ఈ కంప్యూటర్లోకి ఎక్కించాను. ఒక్కసారి కూడా తెరవలేదు. ఉన్నాయన్న ధైర్యంతోనే పందొమ్మిదేళ్ళు గడిపాను.

ప్రతి ఫైలు పక్కనా తేదీ, గంట, నిమిషం ఉన్నాయి. పుస్తకం రాయడం 1998 జనవరిలో మొదలుపెట్టానని లక్ష్మీకాంత్ రెండో ముద్రణలో తన చేత్తో రాసుకున్నాడు. నా ఫైళ్ళు అప్పటికే 'ప' దాటాయి. తేదీకి శాలువా కప్పి నోరు మూయించడం ఎవరి తరమూ కాదు.

వెబ్‌సైటుకి పేరు కొన్నాను. చోటు అద్దెకు తీసుకున్నాను. ఫోనులో ఆ కంపెనీ అమ్మాయి, "సార్, హెల్ప్ చేయడానికి ఇంట్లో ఎవరైనా ఉన్నారా అండీ?" అని అడిగింది. "ఇంట్లో నేనున్నాను" అన్నాను.

కనకలక్ష్మి కాఫీ పెట్టి వెళ్ళిపోకుండా నిలబడింది.

"పోయినాయనతో ఏం తగువండీ ఇప్పుడు?"

"బతికున్నప్పుడు పెట్టుకోనిచ్చావా నువ్వు?"

"నేనా? ఆయన మనింటికొచ్చినప్పుడల్లా దొడ్డి తలుపు తీసుకుని పోయిందెవరు? పాపం, రెండేసి గంటలు కూర్చుని నాతో వంకాయ ధరలు మాట్లాడి పోయేవాడు."

పెళ్ళై యాభై రెండేళ్ళయింది. ఏ విషయంలోనూ నా పక్షాన నిలబడ్డ గుర్తు లేదు.

జూన్ 17, మంగళవారం

పని సులువుగానే ఉంది. తెర రెండు గడులుగా ఉంటుంది. ఎడమవైపు నా కంప్యూటరు, కుడివైపు వెబ్‌సైటు. ఎడమవైపున్న ఫైలుని మౌసుతో పట్టుకుని కుడివైపుకి లాగి వదలాలి. ఒకదాని తర్వాత ఒకటి, కాలవ దాటే గొర్రెల్లా వెళ్ళాయి. ఏరి పంపే ఓపిక లేక మొత్తం ఫోల్డరే లాగి వదిలాను. మధ్యలో కరెంటు పోయింది. మళ్ళీ వదిలాను. సాయంత్రానికి 412 అటు చేరాయి.

ఇరవై ఏడేళ్ళ తర్వాత ఇవాళ సంతోషంగా ఉంది. ఇలాంటి మాట రాయకూడదు. రాశాను.

జూన్ 18, బుధవారం

రెండు దెబ్బలు.

ఒకటి. కుడివైపు అన్ని తేదీలూ 17-06-2025. ఎడమవైపు 1997, 1998 అని ఉన్నవే, అటు చేరగానే నిన్నటివైపోయాయి. కంపెనీ అమ్మాయి, "అది అప్‌లోడ్ చేసిన డేట్ సార్, అంతే వస్తుందండీ" అంది. వెబ్‌సైటు లెక్క ప్రకారం నా ఏడేళ్ళ పని నిన్న నాలుగు గంటల్లో చేశాను. లక్ష్మీకాంత్‌ని చూసి కాపీ కొట్టినవాణ్ణి నేనే అన్నా ఎవరూ కాదనరు.

రెండు. వెబ్‌సైటులో ఫైలు తెరిచి చూస్తే తెలుగు లేదు. కొమ్ములున్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో డాలరు గుర్తులు, తలకిందులైన ప్రశ్నార్థకాలు. 412 ఫైళ్ళూ అంతే. నా కంప్యూటర్లో తెరిచినా అంతే. ఆ సెంటరు ఓనరు తన అవసరానికి మార్పించుకున్న ఫాంటు అది. ఆ ఫాంటు ఉంటేనే ఆ గీతలు తెలుగవుతాయి. ఫైళ్ళు సీడీలో రాయించుకున్నానే గాని, ఫాంటు కూడా రాయించుకోవాలని అప్పుడు నాకు ఒక్కడూ చెప్పలేదు. ఓనరు పోయాడు. ఇంటర్నెట్లో ఉన్న మార్పిడి యంత్రాలన్నిటిలో వేసి చూశాను. చెత్త ఇస్తే వేరే రకం చెత్త ఇస్తున్నాయి.

నోట్‌బుక్కులు? 2009 వానల్లో అటక మీద తడిసి ముద్దయ్యాయి. అదీ నా తప్పే అంటుంది కనకలక్ష్మి.

జూన్ 19, గురువారం

తేదీలకి ఉపాయం తోచింది. ఎడమవైపున్న తేదీ, గంట, నిమిషం నా చేత్తో ఒక పట్టికలో ఎక్కించి, ఆ పట్టికని వెబ్‌సైటులో పెడతాను. పక్కనే ఎడమగడి ఫోటోలు కూడా. నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్దినవాడి పట్టిక. ఒక్క అంకె తప్పు రానివ్వను.

జూన్ 20, శుక్రవారం

"అమలమ్మని అడక్కూడదూ? ఆ రాత కొట్టింది ఆ అమ్మాయేగా" అంది కనకలక్ష్మి.

మా భవానీపురం నుంచి ఆమె ఉండే పటమట చాలా దూరం. ఎండలు కూడా తగ్గలేదు.

జూన్ 21, శనివారం

ఎండలు తగ్గలేదు.

జూన్ 23, సోమవారం

వెళ్ళాను. పటమటలో ఆమెకి చిన్న జిరాక్స్ షాపు ఉంది. అప్పుడు ఇరవై ఏడేళ్ళ పిల్ల, ఇప్పుడు జుట్టు సగం నెరిసింది. ఎవరి ఆధార్ కార్డో జిరాక్సు తీస్తూ తలెత్తి చూసి, వెంటనే గుర్తుపట్టింది.

"సార్! మీరింకా ఉన్నారా అండీ?"

"పోయినాయన వేరే" అన్నాను.

నవ్వలేదు. "పేపర్లో చూశానండీ. చూసి కూడా వెళ్ళలేదు. మనసు రాలేదు" అంది. "మా నాన్న పేరు తీసేసిన మనిషి."

వాళ్ళ నాన్న ఇశ్రాయేలు. చల్లపల్లి అవతల కాలవ లాకు దగ్గర తలుపులు ఎత్తి దించే లస్కరు. కొన్ని మాటలు అతను చెప్పాడు. చాలామంది చెప్పారు.

విషయం చెప్పాను. ఒక ఫైలు అచ్చు తీసి తెచ్చిన కాగితం చూపించాను. ఆమె చుట్టూ చూసి, కాగితం కౌంటరు మీద పెట్టి, కళ్ళజోడు పైకి నెట్టింది. చదవలేదు. ఆ గీతల్ని చూస్తూ కౌంటరు చెక్క మీద వేళ్ళు ఆడించడం మొదలుపెట్టింది, కీబోర్డు ఉన్నట్టు. వేళ్ళు ఆడుతుంటే నోట్లోంచి తెలుగు వచ్చింది.

"ఆకుమడి. నారు పోసే మడి. నీరు పెట్టి తీయడానికి వీలుగా... మూలకి ఒక గాడి ఉంటుంది." ఆగి, "చదవడం రాదండీ ఇది. ఏ కీ కొడితే ఏ గుర్తు పడేదో వేళ్ళకి తెలుసు, అంతే" అంది.

ప్రపంచంలో ఈ ఫైళ్ళు చదవగలిగిన మనిషి ఒక్కతే ఉంది. ఆమె వేళ్ళ కింద నా సాక్ష్యం ఉంది.

"ఏమివ్వమంటావు అమలమ్మా?" అన్నాను.

"ఏం వద్దండీ. మా నాన్న మాటలేగా. లక్ష్మీకాంత్ గారి సంగతి పదిమందికీ తెలిస్తే నాకదే చాలు." షాపు మధ్యాహ్నాలు చెల్లెలు చూసుకుంటుందట. రెండింటికి వస్తానంది.

జూన్ 27, శుక్రవారం

నాలుగు రోజుల్లో 'క' పూర్తయింది. బల్ల మీద ఆమె వేళ్ళు, నోట్లో మాట, ఇప్పటి తెలుగులో కొడుతూ నేను. అప్పుడు నేను చదివితే ఆమె కొట్టేది. ఇప్పుడు ఆమె చదివితే నేను కొడుతున్నాను. ఒక వేలితో.

"తొందరపడకండి సార్, నేను ఆగుతాను" అంటుంది. డెబ్బై ఆరేళ్ళొచ్చాక ఒకరు నాకోసం ఆగుతున్నారు.

ఇవాళ 'గండి' దగ్గర ఆగింది. వేళ్ళు రెండోసారి ఆడించి పైకి చదివింది: "గండి దానంతట అది పడదు. ఎవరో కొడతారు. కొట్టినవాడే తెల్లారకుండా గట్టు మీదికొచ్చి, గండి పడిందర్రోయ్ అని అందరికంటే గట్టిగా అరుస్తాడు. వాణ్ణి పట్టుకో. చెప్పినవారు ఇశ్రాయేలు."

పెద్దగా నవ్వింది. "మా నాన్న గొంతే అండీ! అచ్చం ఇలాగే అనేవాడు. ఒక్క అక్షరం మార్చకుండా రాశారు సార్ మీరు."

మార్చకుండా రాశాను. అది మాత్రం నిజం. అతను చెప్పినవన్నీ అతని మాటల్లోనే రాశాను. అచ్చు పుస్తకంలో ఆ అర్థం లేదు. 'గండి: కాలవ గట్టు తెగుట' అని మూడు మాటలుంది. లక్ష్మీకాంత్ పాండిత్యం.

జూలై 1, మంగళవారం

కాలవలకి నీళ్ళు వదిలారు. 'న' నడుస్తోంది. ముందుమాట ఫైళ్ళు మూడున్నాయి. ముందు-1, ముందు-2, ముందు-3. అవి చివర్లో చూద్దామన్నాను. సరేనంది.

ముందు-2 నాకు కంఠతా వచ్చు. "రాసుకున్నవాడు వెంకటప్పయ్య. వరస పెట్టినవాణ్ణి నేను." లక్ష్మీకాంత్ వాక్యం. నాకు కావలసింది ఆ ఒక్క ఫైలు. మిగతా 411 దానికి కాపలా.

జూలై 2, బుధవారం

ఆమె వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అంది. "పుస్తకం వచ్చిన రోజు మా నాన్నకిచ్చానండీ. బైబిలు తప్ప ఇంకోటి చదివినాయన కాదు. మొదటి పేజీ నుంచి వేలు పెట్టుకుంటూ పోయాడు, పేరు ఎక్కడుందో అని. నాలుగు రోజులు. ఆఖరి అట్ట దాకా వెళ్ళి, వచ్చేదాంట్లో వేస్తార్లేవే అన్నాడు. అంతే, మళ్ళీ ఎత్తలేదు."

"ఎప్పుడు పోయాడు?"

"రెండు వేల నాలుగు. రెండో ముద్రణ రాకముందే." కనకలక్ష్మి వైపు తిరిగి, "వస్తానండీ అమ్మగారూ" అని వెళ్ళిపోయింది.

కనకలక్ష్మి నా ముఖం చూసింది. నేను పేపరు తీశాను.

జూలై 3, గురువారం

కుడివైపు ముందు-1 మీద నొక్కాను. 'ఈ ఫైలు తీసేయమంటారా?' అని అడిగింది యంత్రం. వద్దన్నాను.

412 అని అందరికీ చెప్పుకున్నాను. 411 ఉంటే ఎవరైనా అడుగుతారు. అందుకే వద్దన్నాను. అయినా ఆ గీతలు ఎవరు చదువుతారు?

జూలై 5, శనివారం

పట్టిక పూర్తయింది. 412 పేర్లు, 412 తేదీలు, గంటలు, నిమిషాలు. పదకొండు పేజీలు అచ్చు తీశాను.

తాను రాసింది తానే దిద్దుకోకూడదు. నాకు పని నేర్పిన ఫోర్‌మన్ మొదటి రోజే చెప్పిన సూత్రం. ఒకరు అసలు చదవాలి, రెండోవారు కాగితం మీద చూసుకోవాలి. మంగళవారం అమలమ్మతో చూపించాలి.

జూలై 8, మంగళవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఆమె చేతికి పదకొండు పేజీలూ, పెన్సిలూ ఇచ్చాను. నేను తెర ఎడమగడి చూసి చదువుతున్నాను. ఆమె కాగితం మీద ఒక్కో లైనుకి టిక్కు పెడుతోంది. గంటన్నర అలాగే సాగింది. నా గొంతు నాకే బాగా వినిపించింది, పాత రోజుల్లో లాగా. మూడు వందలు దాటాక, ఆ ఊపులోనే చదివాను.

"ముందు-1. పద్దెనిమిదో తారీకు, మూడో నెల, తొంభై ఎనిమిది. సాయంత్రం ఐదు పది."

టిక్కు.

"ముందు-2. పదో తారీకు, నాలుగో నెల, తొంభై ఎనిమిది. మధ్యాహ్నం ఒంటిగంట నలభై."

టిక్కు చప్పుడు రాలేదు.

"మళ్ళీ చదవండి" అంది.

చదివాను. ఎందుకు చదివానో తెలియదు. మళ్ళీ చదవమంటే చదవడం అలవాటు.

"ముందు-1 నేను కొట్టిందే. మూడు పేర్లున్నదేగా అండీ అది?"

"ఊఁ."

"ముందు-2లో మా నాన్న పేరు లేదు. లక్ష్మీకాంత్ గారు సెలవు రోజు వచ్చి తన చేత్తోనే తీసేసి పోయాడమ్మా అని మీరు చెప్పారు. ఈ బల్ల దగ్గర కాదు, సెంటర్లో. నేను ఏడిస్తే మంచినీళ్ళు కూడా ఇచ్చారు."

ఆమె కాగితం నా వైపు తిప్పి, పెన్సిలుతో ఆ లైను చూపించింది.

"ఇది గుడ్ ఫ్రైడే అండీ."

"అయ్యుండొచ్చు."

"అయ్యుండొచ్చు కాదు. ఆ సంవత్సరం గుడ్ ఫ్రైడేకి లక్ష్మీకాంత్ గారు మా ఊళ్ళో, మా చర్చిలో ఉన్నారు. మా నాన్న రమ్మంటే వచ్చారు. పన్నెండింటి నుంచి మూడింటి దాకా మా నాన్న పక్కన బెంచీ మీద కూర్చుని, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలూ పాస్టరు గారు చెబుతుంటే పుస్తకంలో రాసుకున్నారు. ఆయనకి గంజి పోసింది నేను." పెన్సిలు బల్ల మీద పెట్టింది. "ఒంటిగంట నలభైకి మూడో మాటో, నాలుగో మాటో అయ్యుంటుంది."

కనకలక్ష్మి వంటింటి గుమ్మంలో ఉంది.

"సెంటరు తాళం చెవి సెలవు రోజుల్లో మీ దగ్గరుండేది" అంది అమలమ్మ. అడగలేదు, అంది అంతే. "మీకు కొట్టడం రాదుగా అనుకున్నానండీ. తీసేయడానికి కొట్టడం రానక్కర్లేదు."

"అమలమ్మా..."

"ఇరవై ఏడేళ్ళు ఆయన్ని తిట్టుకున్నాను సార్. బజార్లో ఎదురైతే మొహం తిప్పుకున్నాను. పోతే చూడ్డానికి కూడా వెళ్ళలేదు. ఒక్కసారి ఆయన్ని అడిగుంటే తెలిసేది. అడగడానికి సిగ్గేసింది." లేచింది. "'ర' దగ్గరున్నాం. మిగిలినవి మీరే చదువుకోండి."

పదకొండు పేజీలూ వరసగా సర్ది, మూల మూలకి ఆనించి, నా చేతికిచ్చి వెళ్ళింది. ఎక్కడా ఒక్క అంకె తప్పు లేదు.

ఆ తేదీ ఇంకోటి వేసి ఉండవచ్చు. ఒక్క అంకె. తోచనైనా లేదు. నలభై ఏళ్ళు అసలు ప్రకారం దిద్దినవాడికి అసలు మార్చడం తోచదు. ఒక్కసారే తోచింది.

జూలై 9, బుధవారం

కనకలక్ష్మి అన్నం పెట్టింది. మాట్లాడలేదు.

జూలై 10, గురువారం

ఈ రోజూ అంతే.

మూడు పేర్లు. అట్ట మీద నా పేరు పక్కన ఒక లస్కరు పేరు, అదీ ముందు. మొదట ఇశ్రాయేలు పేరు ఉండాలని, మాటలు అతనివని లక్ష్మీకాంత్ పట్టుబట్టాడు. నాకు గుర్తుంది. మా నాన్న చూస్తే ఏమంటాడు అనుకున్నాను. ఆ పక్కన మన ఇంటిపేరేమిట్రా అంటాడు. అప్పటికి మా నాన్న పోయి ఆరేళ్ళయింది.

ఎన్ని పుస్తకాలు చదివాను. ఇల్లంతా పుస్తకాలే. మనుషులంతా ఒక్కటేనని చెప్పే వాక్యాలకి ఎన్నిటికి ప్రూఫు దిద్దానో లెక్కలేదు. కామా కూడా వదల్లేదు.

జూలై 13, ఆదివారం

సభకి వెళ్ళాను. మూడో ముద్రణ అట్ట నీలం రంగు. వక్తలు ఏడుగురు. అందులో ఐదుగురు పుస్తకం తెరవలేదు. ఒకడు లాకుకీ తూముకీ పెళ్ళి చేశాడు.

చివర్లో "పెద్దలు వెంకటప్పయ్య గారు రెండు నిమిషాలు" అన్నారు. ఊహించలేదు. జేబులో ముందు-2 వాక్యం రాసిన కాగితం ఉంది. దాని వెనక ఉదయం ఇంకో వాక్యం రాసుకున్నాను. మైకు దగ్గరికి వెళ్ళాను. అమలమ్మ రాలేదని చూసుకున్నాను. తర్వాత, వచ్చి ఉంటే బాగుండేదనిపించింది.

"ఈ పుస్తకం మూడు..." అన్నాను. హాలంతా నా వైపు చూసింది. కాగితం జేబులోంచి తీయలేదు.

"మూడో ముద్రణ చాలా బాగా వచ్చింది" అని కూర్చున్నాను.

చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు.

జూలై 14, సోమవారం

శాలువా చూసి కనకలక్ష్మి ఐదు రోజుల తర్వాత నోరు తెరిచింది. "ఇదెవరికండీ?"

ఫోను చేశాను. అమలమ్మ తీయలేదు. మళ్ళీ చేశాను. తీసింది.

"ముందు-1 తీసేశారా వెబ్‌సైటులోంచి?" అని అడిగింది ముందుగా.

"లేదు. ఉంది."

అవతల ఎవరికో జిరాక్సు కాగితాలు ఇచ్చి పంపి, మళ్ళీ ఫోనులోకి వచ్చింది.

"రేపు రెండింటికి వస్తాను. మీ కోసం కాదండీ. 'ర' నుంచి 'హ' దాకా మా నాన్న మాటలు ఆ చెత్తలో పడున్నాయి. అలా వదిలేయలేను."

జూలై 15, మంగళవారం

వచ్చింది. కుర్చీ లాక్కుంది. "మొదట ముందు-1" అంది.

కనకలక్ష్మి కాఫీ తెచ్చి, ఈసారి స్టూలు వేసుకుని కూర్చుంది.

అమలమ్మ వేళ్ళు బల్ల మీద ఆడాయి. తెర మీద కొమ్ములు, డాలరు గుర్తులు. ఆమె చదివింది, నేను ఒక వేలితో కొట్టాను. ఆగుతానని అనలేదు ఇవాళ. కానీ ఆగింది.

"ఈ పుస్తకం ముగ్గురిది. చెప్పినవాడు ఇశ్రాయేలు. రాసుకున్నవాడు వెంకటప్పయ్య. వరస పెట్టినవాణ్ణి నేను. ముగ్గురం పులిగడ్డ అక్విడక్టు మీద మూడు సైకిళ్ళు ఆపుకుని, ఇశ్రాయేలు కొన్న వేరుశనక్కాయలు తింటూ, అట్ట మీద మూడు పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో ఉండాలని మాట ఇచ్చుకున్నాం."

ఇచ్చుకున్నాం. అతను ఇచ్చిన మాట కాదు. నేనూ ఇచ్చాను.

ఆమె రెండోసారి చదివింది, నేను తెర మీద చూసుకున్నాను. తప్పుల్లేవు. దాని కింద నా సొంత వాక్యం ఒకటి కొట్టాను: "1998 ఏప్రిల్ 10న ఇందులోంచి ఇశ్రాయేలు పేరు తీసేసినవాణ్ణి నేను, వెంకటప్పయ్యని." ఆమెకి చూపించాను. చదివి, "గుడ్ ఫ్రైడే అని కూడా వేయండి" అంది. వేశాను.

ఎడమవైపు నుంచి కుడివైపుకి లాగి వదిలాను. అటు చేరింది. 15-07-2025, మధ్యాహ్నం మూడు ఐదు. మొత్తం వెబ్‌సైటులో నిజమైన తేదీ ఉన్న ఫైలు అదొక్కటే.

"ఇంక 'ర'" అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. 'రేవు' దాకా వచ్చాం.

ఆమె వెళ్ళాక కూర్చుని ఇది రాస్తున్నాను. నేను చేసింది ఒప్పుకున్నాను, ఎవరైనా చూడగలిగే చోట పెట్టాను. ఇంక నాకెవరితోనూ పేచీ ఉండకూడదు.

ఉంది. ఈస్టరు మర్నాడు లక్ష్మీకాంత్ సెంటరుకొచ్చి ఆ ఫైలు తెరిచాడు; ముందు-3 తేదీ అదే. తాళం చెవి ఎవరి దగ్గరుందో అతనికి తెలుసు. ఒక్క పేరు తిరిగి కొట్టించడానికి ఎంతసేపు? నన్ను నలుగురిలో నిలబెట్టి అడిగితే ఎంతసేపు? ఆ పని చేయలేదు. నేను మొదలుపెట్టిన పని పూర్తి చేశాడు. నా పేరు కూడా తీసేసి, మిగిలిన ఒక్క పేరుతో పుస్తకం వేసుకున్నాడు. ఆ తర్వాత మా ఇంటికొచ్చి రెండేసి గంటలు కూర్చుని వంకాయ ధరలు మాట్లాడాడు. నేను దొడ్డి తలుపు దగ్గర నిలబడి విన్నాను. ఒక్కసారి పేరు పెట్టి గట్టిగా పిలిచి ఉంటే లోపలికి వచ్చేవాణ్ణి. ఇశ్రాయేలు ఇంకా బతికే ఉన్నాడప్పుడు.

పిలవలేదు లక్ష్మీకాంత్.